గుండె శస్త్రచికిత్స తరువాత మరల వచ్చు జ్వరము

కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకొందము. ఎనిమిదవ తరగతి బాలుడొకడు పుట్టుకతోనే గుండె గోడలో చిల్లు గలవాడు. వేసవి సెలవులలో తలిదండ్రులు వానిని విశాఖపట్టణమునకు తీసికొనిపోయి శస్త్రచికిత్స చేయించిరి. చిల్లు మూసిరి. గాయము మానినది, ఆకలి పుట్టినది, ముఖమునకు కళ వచ్చినది. నాలుగవ వారమున వాడు బడికి కూడ వచ్చెను. మూడు దినములు గడచినవో లేదో, మరల జ్వరము. రొమ్ములో నొప్పి. గట్టిగా ఊపిరి పీల్చినచో పోటు. వెల్లకిల పండుకొన్నచో నొప్పి హెచ్చును. లేచి కూర్చుండి ముందునకు వంగినచో కొంత తగ్గును.

ఇంటివారికి మూడు భయములు కలుగును. కోసినచోట లోపల చీము పట్టినదేమో. మూసిన చిల్లు మరల తెరచుకొన్నదేమో. లేక ఇది గుండెకు సంబంధములేని ఊరి జ్వరమేమో. మూడవ దానిని నమ్ముట సులభము, ఖర్చు తక్కువ. కావున మలేరియా మాత్రలు, టైఫాయిడ్ మందులు వరుసగా వాడి చూతురు. పది దినములు అట్లే గడచును.

ఈ జ్వరము మూడింటిలో ఏదియు కాకపోవచ్చును. వైద్యులు దీనిని పోస్ట్ పెరికార్డియోటమీ సిండ్రోమ్ అందురు. పేరు పొడుగే గాని అర్థము సులభము. పెరికార్డియమ్ అనగా గుండెను చుట్టియుండు సంచి. దానిని కోసి తెరచుట పెరికార్డియోటమీ. పోస్ట్ అనగా తరువాత. సిండ్రోమ్ అనగా కలసికట్టుగా కనబడు లక్షణముల గుంపు. తెలుగున దీనిని హృదయకోశ ఛేదనానంతర లక్షణ సముదాయము అని అనవచ్చును గాని, అంత మాట పలుకులోపల రోగికే కాదు, వైద్యునికి కూడ ఆయాసము వచ్చును. ఈ వ్యాసములో సౌకర్యము కొరకు దీనిని 'గుండెసంచి జ్వరము' అని పిలుతము. గుండె శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో నూటికి 10 మొదలు 40 మంది వరకు ఇది కనబడునని వేర్వేరు పరిశీలనలు చెప్పుచున్నవి. అంకెలలో ఇంత తేడా ఏలయన, స్వల్పముగా వచ్చి దానంతట అదే పోవు కేసులను కొందరు లెక్కించిరి, కొందరు లెక్కింపలేదు. ఏమైనను ఇది అరుదైన వింత కాదు.

ఇరుసు, కందెన

గుండె రొమ్ములో ఊరక వ్రేలాడుచుండదు. రెండు పొరల సంచిలో అమరియుండును. లోపలి పొర గుండె కండరమును అంటిపెట్టుకొని యుండును. వెలుపలి పొర దళసరి, త్వరగా సాగదు. ఈ రెంటికి నడుమ 15 నుండి 50 మిల్లీలీటర్ల పలుచని ద్రవముండును; అనగా పెద్ద చెంచాతో కొలిచినచో ఒకటి మొదలు మూడు చెంచాలు. గుండె నిమిషమునకు 70 మార్లు కొట్టుకొన్నను దినమునకు లక్ష మార్లు దాటును. ఇంత కదలికలోను పొరలు ఒరసికొని అరిగిపోకుండుటకు ఆ రెండు మూడు చెంచాల ద్రవమే కారణము. బండి ఇరుసునకు కందెన ఎట్టిదో గుండెకు ఈ ద్రవము అట్టిది.

పొరలు వాచి గరుకుదేరినచో వైద్యుని చెవిగొట్టములో ఒక చిత్రమైన చప్పుడు వినబడును. కొత్త కిర్రుచెప్పులు తొడుగుకొని ఎవరో మెల్లగా నడచుచున్నట్లుండును. ఒక్కొక్కప్పుడు ఉదయము వినబడి సాయంకాలమునకు మాయమగును. అనుభవజ్ఞుడైన వైద్యుడు రోగిని ముందునకు వంగి కూర్చుండుమని చెప్పి ఆ చప్పుడు కొరకు చెవియొగ్గుట అందుకే.

ఇచట శోథము అను మాటను గూర్చి కొంత చెప్పవలెను. మోకాలు గీరుకొన్నప్పుడు ఆ చోట ఎరుపు, వాపు, వేడిమి, నొప్పి కలుగును. ఈ నాలుగు గుర్తులను సుమారు 2000 సంవత్సరముల క్రిందట రోమక దేశీయుడైన సెల్సస్ గ్రంథస్థము చేసెను. ఈ స్థితినే శోథమందురు. విద్యార్థులు తరచుగా శోథమును, సూక్ష్మజీవుల దాడిని ఒకటిగా తలచి పొరబడుదురు. కాలు బెణికినప్పుడు మడమ వాచును. అచట క్రిములేవియు లేవు. దెబ్బ తగిలినచోట శిథిలమైన కణములను ఎత్తివేయుటకును, మరమ్మతు మొదలిడుటకును రక్తము, తెల్లకణములు అచటికి పరుగెత్తుటయే శోథము. ఇది స్వభావము చేత రక్షణ. హద్దు మీరినప్పుడు మాత్రము వ్యాధి.

శస్త్రచికిత్స ఎంత నేర్పుగా చేసినను శరీరమునకు అదియొక దెబ్బయే. గుండెను ఆపి చేయు చికిత్సలో రక్తమును కొంతసేపు యంత్రము గుండ త్రిప్పుదురు. గుండె, ఊపిరితిత్తుల పనిని చేయు ఈ యంత్రమును 1953 మే 6 వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జాన్ గిబ్బన్ ఒక యువతి చికిత్సలో మొదటిసారి విజయవంతముగా వాడెను. రక్తము తన జీవితమంతయు నాళముల నున్నని లోపొరను తప్ప మరి దేనిని తాకలేదు. గొట్టముల పరాయి ఉపరితలమును తాకగానే అందలి రక్షణ పదార్థములన్నియు ఒక్కసారి మేల్కొనును. కావున చికిత్స జరిగిన మొదటి రెండు మూడు దినములు జ్వరము వచ్చుట సాధారణము. వైద్యులు దానికి కంగారుపడరు. ఒకటి రెండు వారములలో వచ్చు జ్వరమునకు మొదట సూక్ష్మజీవులనే అనుమానింతురు. చలి వణకు, గాయమునుండి రసి కారుట, రొమ్ముటెముక కదలుట దానికి గుర్తులు. గుండెసంచి జ్వరము తరచుగా ఇంకను ఆలస్యముగా, రోగి ఇల్లు చేరిన తరువాత, మొదటి వారము దాటి ఆరు వారముల లోపల వచ్చును. ఈ కాలవిభజన గట్టిగా గీచిన గీత కాదు. ఒకదాని కాలములో మరొకటి రావచ్చును. అందుచేతనే పరీక్షలు అవసరము.

ఒక పొరపాటు, దాని దిద్దుబాటు

ఈ వ్యాధిని వైద్యులు గుర్తించిన తీరు తరగతిలో చెప్పదగిన కథ.

గొంతులో స్ట్రెప్టోకాకస్ అను క్రిమి చేరి పుండు చేయును. కొందరు పిల్లలలో, గొంతు నయమైన రెండు మూడు వారములకు, కీళ్ళవాత జ్వరము వచ్చును. కీళ్ళ వాపు కొన్నాళ్ళకు పోవును గాని గుండెలోని కవాటములు దెబ్బతినును. ఏండ్లు గడచుకొలది మైట్రల్ కవాటము అంచులు అతుకుకొని సందు ఇరుకగును. ఇది మన దేశమున ఇప్పటికిని ఉన్న వ్యాధి. 1948 జూన్ 10 వ తేదీన ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీ, కొట్టుకొనుచున్న గుండెలోనికి వ్రేలిని, దాని వెంట చిన్న కత్తిని పంపి, అతుకుకొన్న కవాటమును విడదీసి రోగిని బ్రతికించెను. ఆ తరువాత కొలది సంవత్సరములలో ఈ చికిత్స దేశదేశములకు వ్యాపించెను. మన దేశములోను 1950 దశకమున వెల్లూరు, బొంబాయి వంటి చోట్ల దీనిని ఆరంభించిరి. ఆ కాలమున గోదావరి జిల్లాల రోగికి గుండె శస్త్రచికిత్స అనగా మద్రాసు వైపు రైలెక్కుటయే.

అయితే కవాటమును విడదీసిన కొందరు రోగులకు, కొన్ని వారముల తరువాత, జ్వరము, రొమ్ము నొప్పి వచ్చుచుండెను. 1953 లో ఫిలడెల్ఫియాకు చెందిన లూయీ సోలోఫ్, ఆయన సహచరులు దీనిని వర్ణించి, పాత కీళ్ళవాత జ్వరమే తిరగబెట్టినదని నిర్ణయించిరి. ఈ ఊహ తెలివితక్కువది కాదు. రోగులందరు ఒకప్పుడు కీళ్ళవాత జ్వరము పడినవారే. పైగా చికిత్సలో కత్తిరించి తీసిన గుండె తునకలను సూక్ష్మదర్శినిలో చూడగా, ఆ జ్వరమునకు గుర్తులైన చిన్న ముడులు కొందరిలో ఇంకను కనబడుచుండెను. నిద్రించుచున్న వ్యాధిని కత్తి మేల్కొలిపినదని వారు తలచిరి.

ఒక చిక్కు మాత్రము మిగిలెను. కీళ్ళవాత జ్వరమునకు ముందు రావలసిన గొంతు పుండు ఈ రోగులలో వచ్చిన జాడ లేదు. అయినను పరిశీలించిన రోగులందరు ఒకే జబ్బువారైనంత కాలము, తప్పు జబ్బుదా, చికిత్సదా అని తేల్చుట ఎట్లు? విద్యార్థులు ఇచట చదువుట ఆపి ఒక నిమిషము ఆలోచింపవలెను. ఏ రోగులను చూచినచో ఈ ప్రశ్న తేలును?

పుట్టుకతో వచ్చిన గుండె లోపములు గల పిల్లలను చూడవలెను. వారికి కీళ్ళవాత జ్వరము ఎన్నడును రాలేదు. కాని గుండె చికిత్స జరిగినది. న్యూయార్కులో మేరీ అలెన్ ఎంగిల్ అను పిల్లల గుండె వైద్యురాలు, ఇటో, గోల్డ్‌బెర్గ్ అను సహచరులతో కలసి, అట్టి పిల్లలను గమనించి 1958 లో ప్రకటించిన సంగతి ఇదియే. అదే జ్వరము, అదే నొప్పి, అదే కిర్రుచెప్పుల చప్పుడు. తిరగబెట్టుటకు వీరికి పాత జబ్బే లేదు. రెండు గుంపులకు ఉమ్మడిగా నున్నది ఒక్కటే: గుండెసంచిని తెరచుట. నేటి పేరు అట్లు వచ్చినది.

కథ అంతటితో ముగియలేదు. దానికి రెండేండ్ల ముందే, 1956 లో, న్యూయార్కు వైద్యుడు విలియం డ్రెస్లర్ మరియొక గుంపును వర్ణించియుండెను. వీరు గుండెపోటు వచ్చినవారు. కత్తి ఎన్నడును తాకనివారు. అయినను గుండెపోటు వచ్చిన కొన్ని వారములకు వారిలోను ఇదే జ్వరము. మరికొందరిలో రొమ్ముపై బలమైన దెబ్బ తగిలిన పిమ్మట వచ్చుటయు కనబడినది. అనగా సంచిని తెరచుట కూడ అసలు కారణము కాదు. గుండె కండరమో, దానిని కప్పిన పొరయో గాయపడుటయే మూలము. కోత అట్టి గాయములలో ఒకటి మాత్రమే. మొదట జబ్బును, తరువాత కోతను, చివరకు గాయమును నిందించిరి. సోలోఫ్ పక్షమున ఒక మాట చెప్పవలెను: కీళ్ళవాత జ్వరములోను గుండెను దెబ్బతీయునది క్రిమి స్వయముగా కాదు, క్రిమిపై లేచిన శరీర రక్షణయే గురి తప్పి గుండెపై పడును. ఆయన దొంగను తప్పుగా పట్టెను గాని, వెదకినది ఆ వీధిలోనే.

ఇంధనము అపాయ సూచన యగుట

గాయమునకును జ్వరమునకును నడుమ ఏమి జరుగుచున్నది? గోదావరి తీర విద్యార్థులు ఇచట ఒక పేరును జ్ఞాపకము చేసికొనవలెను. 1895 లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున కొంతకాలము చదివి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చేరిన యెల్లాప్రగడ సుబ్బారావు, అచట సైరస్ ఫిస్క్‌తో కలసి కండరములలోని ఎ.టి.పి. అను పదార్థమును 1929 లో వెల్లడించెను. అదే కాలమున జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొనెను. కండరము ముడుచుకొనుటకు కావలసిన శక్తిని ఇచ్చునది ఎ.టి.పి. గుండె ప్రతి కొట్టుకు దీనిని ఖర్చుచేసి, మరల తయారు చేసికొనుచుండును.

ఎ.టి.పి. కణము లోపల ఉన్నంతవరకు ఇంధనము. కణము చితికి అది వెలుపల చిందినచో సంగతి వేరు. పొయ్యిలోని నిప్పు అన్నము వండును. ఆ నిప్పే తాటాకు చూరునకు అంటుకొన్నచో ఊరంతయు కేకలతో లేచును. వెలుపల చిందిన ఎ.టి.పి. ని తెల్లకణములు అట్టి అపాయ సూచనగా గ్రహించును. వాని లోపల ఇన్‌ఫ్లమసోమ్ అను ప్రోటీనుల కూర్పు ఏర్పడి, ఇంటర్‌లూకిన్-1 అను సందేశ పదార్థమును విడుదల చేయించును. దాని ప్రభావము మెదడునకు చేరి ఒంటి వేడిమిని పెంచును. మరికొన్ని తెల్లకణములను గాయమువద్దకు పిలుచును. ఈ సందేశముల వరుసలోనే కాలేయము సి-రియాక్టివ్ ప్రోటీన్ అను పదార్థమును రక్తములోనికి వదలును. రక్త పరీక్షలో వైద్యులు కొలుచునది దీనినే. సుబ్బారావు కనుగొన్న ఇంధనమునకు ఇట్టి రెండవ ఉద్యోగము ఉన్నదని ఆయన మరణించిన 1948 నాటికి ఎవరికిని తెలియదు.

ఇది గంటలలో జరుగు పని. మరి జ్వరము వారముల తరువాత వచ్చుటేమి? ఇచట రక్షణలోని రెండవ దళము ప్రవేశించును. గుండె కండరపు ప్రోటీనులు మామూలుగా కణముల లోపల మరుగున నుండును. కోతవలన అవి బయటపడినప్పుడు లింఫోసైట్ అను తెల్లకణములు వానిని చూచి, పరాయివని భ్రమించి, వానిపై ప్రతిరక్షకములను తయారుచేయును. అందుకు వారము మొదలు కొన్ని వారములు పట్టును. టీకా వేసిన వెంటనే రక్షణ రాకపోవుటకును కారణము ఇదియే. 1970 దశకమున ఎంగిల్, ఆమె సహచరులు ఈ జ్వరము వచ్చిన పిల్లల రక్తములో గుండెపై పనిచేయు ప్రతిరక్షకములు హెచ్చుగా నుండుటను చూపిరి. రెండేండ్లలోపు శిశువులలో ఈ జ్వరము అరుదు. వారి రక్షణ వ్యవస్థ ఇంకను పక్వము కాకపోవుటచే కావచ్చును.

అయితే ప్రతిరక్షకములే జ్వరమునకు కారణమా, లేక గాయము పెద్దదైనందున జ్వరము, ప్రతిరక్షకములు రెండును దాని ఫలితములా? వర్షము కురిసినప్పుడు కప్పలు అరచును, కాలువలు నిండును. కప్పల అరపు కాలువలను నింపలేదు గదా. ఈ చిక్కు ఇంకను పూర్తిగా విడలేదు. నా అభిప్రాయమున మొదటి నిప్పు గాయముదే, దానిని మండించి నిలుపునది మాత్రము ప్రతిరక్షణ.

నీరు నిండు వేగము

వాచిన పొరలు ఊటను విడుచును. సంచిలో ద్రవము పెరుగును. ఊపిరితిత్తుల చుట్టునున్న పొరలలోను నీరు చేరవచ్చును. చాలమందిలో ఇది కొద్దిగా చేరి, మందులతో ఇంకిపోవును. కొద్దిమందిలో మాత్రము ప్రాణము మీదికి వచ్చును.

ఎంత నీరు చేరినదను దానికంటె ఎంత వేగముగా చేరినదను విషయము ముఖ్యము. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము దినమునకు కొంచెముగా పెరిగినచో లంకలవారు పశువులను తోలుకొని, సామాను సర్దుకొని గట్టెక్కుదురు. రాత్రివేళ ఏటిగట్టుకు గండి పడినచో అంతకంటె తక్కువ నీరే ఊరిని ముంచును. గుండెసంచియు అట్టిదే. వారములపాటు నెమ్మదిగా నిండినచో అది సాగి ఒక లీటరు ద్రవమునకు కూడ చోటిచ్చును. హఠాత్తుగా 150, 200 మిల్లీలీటర్లు చేరినచో సాగుటకు వ్యవధి లేక గుండెనే నొక్కును. నొక్కబడిన గుండె విప్పారలేదు, విప్పారనిచో నిండదు, నిండనిచో బయటకు పంపుటకు రక్తముండదు. మెడలోని సిరలు ఉబ్బును. రక్తపోటు పడిపోవును. రోగికి ఆయాసము, చెమట, కండ్లు తిరుగుట కలుగును. ఈ స్థితిలో మాత్రలు పనిచేయవు. ఎకో యంత్రముతో చూచుచు సంచిలోనికి సూదిని పంపి ద్రవమును లాగివేయవలెను. లాగిన కొలది నిమిషములలోనే రోగి తేరుకొనుట కన్నులార చూడవచ్చును. వైద్యములో ఇంత త్వరగా ఫలమిచ్చు పనులు కొన్నియే.

మొదట చెప్పిన పది దినముల ఆలస్యము ఎందుకు అపాయకరమో ఇప్పుడు తెలియును. మలేరియా మాత్రల వలన హాని లేకపోవచ్చును. ఆ పది దినములలో సంచి ఎంత వేగముగా నిండుచున్నదో ఎవరును చూడకపోవుట వలననే హాని.

అగ్నిశిఖ

నిర్ణయము కొరకు వైద్యులు ఐదు గుర్తులను చూతురు: వేరే కారణము లేని జ్వరము, ఊపిరితో హెచ్చు రొమ్ము నొప్పి, ఒరపిడి చప్పుడు, గుండెసంచిలో నీరు, శోథ గుర్తులతో ఊపిరితిత్తుల చుట్టు నీరు. ఇందులో రెండైనను ఉన్నచో గుండెసంచి జ్వరమని తలతురు. చికిత్స మొదట సులభమైనదే: విశ్రాంతి, ఆస్పిరిన్ గాని ఐబుప్రొఫెన్ గాని. స్టిరాయిడ్ మందులు మంత్రించినట్లు తగ్గించును. మోతాదు తగ్గించునప్పుడు కొందరిలో జ్వరము తిరిగి లేచును. అందుచేత వానిని రెండవ వరుసలో ఉంచిరి. శస్త్రచికిత్స సమయముననే స్టిరాయిడ్ ఇచ్చి దీనిని నివారింపవచ్చునా అని పరీక్షించిరి గాని ఆశించిన ఫలము రాలేదు.

ఆశ్చర్యకరమైన ఫలము ఒక పాత మందునుండి వచ్చినది. కోస్తా జిల్లాల కంచెలపైన, తూర్పు కనుమల పొదలలోను వానకాలమున ఒక తీగ పూయును. రేకులు అంచులు మెలితిరిగి, క్రింద పసుపు, పైన ఎరుపుగా, మంటవలె పైకి లేచియుండును. దానిని అగ్నిశిఖ అందురు. కొన్నిచోట్ల అడవినాభి అందురు. దుంప నాగలి ఆకారమున నుండుటచే సంస్కృతమున లాంగలి యనిరి. ఈ మొక్కలో కొల్చిసిన్ అను క్షారము కలదు. ఐరోపాలో కొల్చికమ్ అను వేరొక మొక్కనుండి 1820 లో దీనిని వేరుచేసిరి. కీళ్ళలో యూరిక్ ఆమ్లము పేరుకొనుటచే వచ్చు గౌట్ వ్యాధికి ఆ మొక్కను అనాదిగా వాడెడివారు. తెల్లకణము కదలుటకును, లోపలి సామగ్రిని చేరవేయుటకును కొన్ని సన్నని గొట్టములు కావలెను. కొల్చిసిన్ వాని నిర్మాణమును అడ్డగించును. తెల్లకణముల పరుగు మందగించును. ముందు చెప్పిన ఇన్‌ఫ్లమసోమ్ కూర్పు కూడ చెడును.

ఇటలీలో మాసిమో ఇమాజియో, ఆయన సహచరులు గుండె శస్త్రచికిత్స జరిగిన 360 మందిని చీట్లు వేసినట్లుగా రెండు సమ భాగములు చేసి, ఒక భాగమునకు చికిత్స మూడవ దినమునుండి నెల రోజులు కొల్చిసిన్‌ను, రెండవదానికి అదే రూపమున ఉత్త మాత్రను ఇచ్చిరి. 2010 లో ఫలితములు వెలువడినవి. సంవత్సరములోపల గుండెసంచి జ్వరము వచ్చినవారు ఉత్త మాత్ర తిన్న 180 మందిలో 38. కొల్చిసిన్ తిన్న 180 మందిలో 16. అనగా ఎనిమిది మందికి ఇచ్చినచో ఒకరికి తప్పినది. 2014 లో మరల 360 మందితో, ఈసారి శస్త్రచికిత్సకు ముందే మొదలిడి, పరీక్షించిరి. 53 కి బదులు 35. లాభము నిలిచినది గాని తగ్గినది. పైగా కడుపునొప్పి, విరేచనములు మొదలైన అవాంఛిత ఫలితములు కలిగినవారు 21 మంది నుండి 36 కి పెరిగిరి. రెండవ పరీక్ష మొదటిదానికంటె తక్కువ ఉత్సాహము కలిగించుట విజ్ఞానములో సర్వసాధారణము. ఒక్క పరీక్షతో ఆగిపోకుండుటకు కారణమును అదియే.

ఉపాధ్యాయులు ఇచట ఒక మాటను విధిగా చెప్పవలెను. అగ్నిశిఖ దుంప ప్రాణాంతకమైన విషము. మందు మోతాదునకును విషపు మోతాదునకును నడుమ దూరము చాల కొద్ది. దుంపను తిని మరణించినవారు మన దేశములో ఎందరో ఉన్నారు. తూచి శుద్ధిచేసిన మాత్రకు ఊరి కంచెపైనున్న దుంప ఎన్నటికిని బదులు కాదు.

జ్వరము పదేపదే తిరిగి వచ్చు కొద్దిమంది కొరకు ఇంటర్‌లూకిన్-1 ను నేరుగా అడ్డు మందులు వచ్చినవి. వానిలో రిలోనసెప్ట్‌ను 2021 లో అమెరికాలో అనుమతించిరి. వెల మాత్రము సామాన్యులకు అందనిది. అదే సంవత్సరము న్యూయార్కులో, ఎంగిల్ పనిచేసిన వైద్య సంస్థ వారసులే, 420 మందిపై మరియొక చిన్న ఉపాయమును పరీక్షించిరి. శస్త్రచికిత్స ముగించునప్పుడు సంచి వెనుకభాగమున ఒక చీలిక పెట్టి నీరు ఎడమ ఊపిరితిత్తి వైపు జారునట్లు చేసిరి. సంచిలో నీరు నిలుచుట నూటికి 21 నుండి 12 కి తగ్గెను. గుండె లయ తప్పుట 32 నుండి 17 కి తగ్గెను. పొలములోని నీరు పోవుటకు మురుగు కోడు తీయు డెల్టా రైతునకు ఇందులో కొత్త యేమియు కనబడదు.

పట్టణమున కోత, పల్లెలో జ్వరము

2007 లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము ఆ యేటి డిసెంబరులో ఉభయ గోదావరి జిల్లాలకు వచ్చినది. అంతకుముందు అప్పుచేసినను గుండె చికిత్స చేయించుకొనలేని కుటుంబములనుండి పిల్లలును పెద్దలును దూరపు ఆసుపత్రులకు పోయి చికిత్స పొంది తిరిగి వచ్చుచున్నారు. కోసిన వైద్యుడు విశాఖలోనో హైదరాబాదులోనో ఉండును. జ్వరము వచ్చునది రాజోలులోనో ఆచంటలోనో. ఆ దూరమును కొంతవరకైనను తగ్గించునది ఆసుపత్రివారు ఇచ్చి పంపిన కాగితము. స్థానిక వైద్యునికి మొదట దానిని చూపి, కోత జరిగిన తేదీని చెప్పవలెను. రాజమహేంద్రవరము, కాకినాడ, అమలాపురము, భీమవరము వంటి పట్టణములలో ఎకో పరీక్ష దొరకును. నొప్పిలేని పరీక్ష, కొలది నిమిషముల పని. దానితోడనే కోసిన ఆసుపత్రికి ఫోను చేయవలెను.

లోహపు కవాటము పెట్టించుకొన్నవారి సంగతి వేరుగా చెప్పవలెను. వారు రక్తము గడ్డకట్టకుండ దినదినము మందు మ్రింగుచుందురు. జ్వరమునకని, నొప్పికని మందుల దుకాణమున అడిగి కొన్న మాత్ర దానితో కలసినచో, కడుపులోనో, ఆ గుండెసంచిలోనే యో రక్తము కారవచ్చును. పిల్లలకు ఆస్పిరిన్‌ను ఇంటివారు తమంత తాము ఇయ్యరాదు. కొన్ని వైరస్ జ్వరములలో అది మెదడును, కాలేయమును చెరచు అరుదైన వ్యాధికి దారితీయును.

మన ఎనిమిదవ తరగతి బాలుని తండ్రి కాగితము పట్టుకొని అమలాపురము పోయెననుకొందము. ఎకోలో గుండె చుట్టు సన్నని నల్లని పట్టీవలె నీరు కనబడును. మూసిన చిల్లు చెక్కుచెదరక యుండును. రక్తములో క్రిములు పెరుగలేదని పరీక్ష చెప్పును. మందు మొదలిడిన రెండు మూడు దినములలో జ్వరము దిగును. నీరు ఇంకుటకు వారములు పట్టును, ఆ లోపల ఒకటి రెండు మార్లు ఎకో తీయించవలెను. వాడు మరల బడికి రావచ్చును. కోసిన రొమ్ముటెముక గట్టిగా అతుకుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు కావలెను గనుక, అంతవరకు వాని పుస్తకముల సంచిని తోటివాడెవడైనను మోయవలసియుండును.